చిలుకపిల్ల మచ్చిక – ఓర్పుతో చేయవలసిన పని

మన పల్లెలలో చిలుకనెరుగని వారుండరు. ముద్దుగా మాటలాడు పసిపిల్లలను చూచి చిలక పలుకులని మురియుదుము. అదే చిలుక పొద్దుతిరుగుడు చేనుపై వాలినచో కేకలు వేసి తరుముదుము. ఇటు ముచ్చటను, అటు నష్టమును కలిగించు ఈ పక్షిని పెంచుకొనవలెనను కోరిక పిల్లలకే గాక పెద్దలకును కలదు. అయితే పిల్లను తెచ్చి పంజరములో పెట్టినంత మాత్రమున అది మనదగుట లేదు. దానికి మనపై నమ్మకము కుదిరిననాడే అది పెంపుడు పక్షి యగును. ఆ నమ్మకమును సంపాదించు విధానమును, ఆ పనిలో నేను చేసిన పొరపాటును కూడ దాచక, ఈ వ్యాసమున వివరించుచున్నాను.

రామచిలుకను పెంచరాదు

గత ఫిబ్రవరిలో నంద్యాల జిల్లాలోని మా మండలమునకు చెందిన ఒక వృద్ధ రైతు తన మనుమనితో కలిసి మా కార్యాలయమునకు వచ్చెను. ఆయన చేతిలో తుండుగుడ్డ మూట యున్నది. విప్పి చూడగా అందు ఈకలు సగము వచ్చిన రెండు రామచిలుక పిల్లలున్నవి. గట్టు మీది మోడుబారిన తాటిచెట్టును కొట్టించగా దాని తొర్రలోనుండి పడినవట.

“సారూ, వీటికి ఏం మేత పెట్టాలి? మావాడు పెంచుకుంటానంటున్నాడు. మాటలు కూడా నేర్పాలంట” అని ఆయన అడిగెను.

ఆయనకు చెప్పిన సంగతినే పాఠకులకును మనవి చేయుచున్నాను. మన దేశపు రామచిలుకలన్నియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందినవి. వానిని పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు, పంజరములో నుంచుటయు నేరము. జైలు శిక్షయు, జరిమానాయు పడవచ్చును. చిలక జోస్యము చెప్పువారి చిలుకలకును ఈ చట్టమే వర్తించును. తెలియక పెంచితిమనుట సమాధానము కాజాలదు.

చెట్టు నిలిచియున్నచో, పడిన పిల్లను తిరిగి తొర్రలో నుంచుట ఉత్తమము. మనిషి చేయి సోకిన పిల్లను తల్లి వెలివేయునను మాట నిజము కాదు. తల్లిదండ్రులు తప్పక వచ్చి మేత నందించును. చెట్టు కూలిపోయినచో పిల్లలను ఒక అట్టపెట్టెలో గుడ్డ పరచి వెచ్చగా నుంచి, అటవీ శాఖ సిబ్బందికి వెంటనే కబురు చేయవలెను. నోటిలో నీరు పోయరాదు. అది ఊపిరి గొట్టములోనికి పోయి పిల్ల చనిపోవచ్చును.

ఆ సాయంత్రము అటవీ శాఖ వారు వచ్చి పిల్లలను తీసికొనిపోయిరి. బాలుడు వెక్కివెక్కి ఏడ్చెను. వానిని ఊరడించుటకై, మా యింట చట్టము అనుమతించిన చిన్న చిలుక యొకటి కలదనియు, ఆదివారము వచ్చి చూడుమనియు చెప్పితిని.

ఏ చిలుకను పెంచవచ్చును

బజారులో ‘లవ్ బర్డ్స్’ అను పేర అమ్ముచున్న పక్షులలో అధిక భాగము బడ్జెరిగార్ చిలుకలే. వీని జన్మస్థానము ఆస్ట్రేలియా దేశపు ఎండు మైదానములు. జాన్ గూల్డ్ అను శాస్త్రజ్ఞుడు 1840లో వీనిని ఇంగ్లండుకు కొనిపోయెను. నేడు ఇవి ప్రపంచమంతట పంజరములలోనే పుట్టి పెరుగుచున్నవి. ఒక్కొక్కటి సుమారు 18 సెంటీమీటర్ల పొడవు, 30 నుండి 40 గ్రాముల బరువు ఉండును. తలపై జుట్టుగల కాకటీల్ చిలుక దీనికంటె కొంచెము పెద్దది. అదియు ఆస్ట్రేలియా పక్షియే. ఈ రెండింటిని మనవారు పెంచుకొనవచ్చును. ఆఫ్రికా బూడిదరంగు చిలుక వంటి అనేక విదేశీ జాతులను మాత్రము 2024లో వెలువడిన నియమముల ప్రకారము పరివేష్ పోర్టల్ ద్వారా తప్పక నమోదు చేయించవలెను.

మొక్కై వంగనిది మానై వంగదను సామెత ఇచటను వర్తించును. ఆరు నుండి పది వారముల వయసు గల పిల్ల మచ్చికకు అనువైనది. బడ్జెరిగార్ పిల్లను గుర్తించుట సులభము. నుదుటిపై నల్లని అడ్డచారలు ముక్కు మీది మెత్తని భాగము వరకు వ్యాపించియుండును. కన్ను పూర్తిగా నల్లగా నుండి, చుట్టు తెల్లని వలయము కనబడదు. మూడు నాలుగు నెలలకు మొదటిసారి ఈకలు రాలి కొత్తవి వచ్చినపుడు నుదుటి చారలు తొలగును. కంటి వలయము తరువాత ఏర్పడును.

ఇంకను సొంతముగా గింజలు ఒలుచుకొని తినలేని పిల్లను, ఎంత చవుకగా నిచ్చినను, కొనరాదు. నోటికి మేత నందించి పెంచుట అనుభవజ్ఞులకే సాధ్యము. ఒంటరి పక్షి త్వరగా మనిషికి అలవాటు పడును గాని, ఇంటివారు పగలంతయు పొలములో నుండునట్లయిన అది దిగులుతో కృశించును. అట్టివారు జంటను పెంచుట మంచిది. మచ్చిక కొంత ఆలస్యమైనను పక్షులు సుఖముగా నుండును.

పంజరము, తావు

పంజరము ఒకటి రెండు బడ్జెరిగార్ పక్షులకు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తునకు తగ్గరాదు. ఊచల మధ్య సందు 12 మిల్లీమీటర్లు మించినచో పిల్ల తల ఇరుకుకొనవచ్చును. గుండ్రని పంజరముకంటె పలకల పంజరము మేలు. కొత్త జి.ఐ. తీగపై గల జింకు పూతను పక్షి కొరికి తినిన విషమగును. కావున వాడుటకు ముందు వెనిగర్ కలిపిన నీటితో బ్రష్షు పెట్టి రుద్ది, మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను.

కూర్చుండుటకు నునుపైన ప్లాస్టిక్ కడ్డీలకు బదులు, మందు చల్లని జామ లేక వేప కొమ్మలను కడిగి అమర్చిన కాళ్లకు పుండ్లు రావు. పంజరమును మనిషి రొమ్ము ఎత్తున, ఒక ప్రక్క గోడకు ఆనించి, మనుష్యులు మసలు గదిలో నుంచవలెను. నాలుగు వైపులను తెరపియైనచో పక్షికి దాగుటకు చోటు లేక బెదరును. వంటగదిలో నుంచరాదు. పొయ్యి పొగ హాని చేయును. అతిగా కాలిన నాన్‌స్టిక్ పెనము నుండి వచ్చు వాయువు, మనకు వాసన తెలియక పూర్వమే, పక్షిని చంపగలదు.

మేతలో జాగ్రత్త

ఈ చిలుకకు కావలసిన మేత మన చేలలోనే పండుచున్నది. కొర్రలు, వరిగలు, సామలు దీనికి ప్రీతి. ఒక బడ్జెరిగార్‌కు దినమునకు రెండు చిన్న చెంచాల గింజలు చాలును. గింజలు మాత్రమే పెట్టిన కొవ్వు పట్టి, విటమిన్లు చాలక జబ్బు పడును. తోటకూర, మునగాకు, కొత్తిమీర, సన్నగా తురిమిన క్యారట్ దినమును ఇయ్యవలెను. సున్నపు ధాతువునకై పక్షుల దుకాణములలో దొరకు సముద్రపు నురుగు ముక్కను ఊచలకు కట్టవలెను. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, ఉప్పు వేసిన వేపుళ్లు పెట్టరాదు.

ఈ పక్షి గింజను ఒలిచి పొట్టును గిన్నెలోనే వదలును. చూచువారికి గిన్నె నిండుగా కనబడును, పక్షి మాత్రము ఆకలితో నుండును. ప్రతి ఉదయము పొట్టును ఊది, గింజలున్నదీ లేనిదీ చూడవలెను.

రైతు సోదరులు ముఖ్యముగా గమనించవలసిన దొకటి కలదు. విత్తనశుద్ధి చేసిన గింజలను ఏ పక్షికిని పెట్టరాదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు పట్టించిన గింజలు కొద్దిపాటి తినినను చిన్న పక్షికి ప్రాణాంతకము. మా యింటనే ఈ ప్రమాదము తృటిలో తప్పినది. ప్రదర్శన క్షేత్రమునకై తెచ్చిన జొన్న విత్తనపు సంచి వసారాలో నుండగా, నా కుమార్తె గుప్పెడు గింజలు తీసి చిలుక గిన్నెలో పోయబోయెను. ఆమె చేతికంటిన ఎర్రని పొడిని నా భార్య చూచి ఆపెను. ఊరూర విత్తనశుద్ధిని బోధించు నేనే ఆ సంచికి మూతి కట్టి ఎత్తున పెట్టనైతిని. పురుగుమందు చల్లి వచ్చినవారు స్నానము చేసి, బట్టలు మార్చిన పిదపనే పక్షి దగ్గరకు పోవలెను.

మొదటి వారము

కొత్త చోటికి వచ్చిన పిల్లకు మొదటి రెండు మూడు దినములు మేత, నీరు ఉంచుట తప్ప మరేమియు చేయరాదు. పిల్లలు గుమిగూడి పంజరమును తట్టరాదు. పక్షి మన యెదుట మేత తినుట మొదలుపెట్టినచో ధైర్యము వచ్చినదని గుర్తు.

తరువాత దినమునకు రెండు మూడు సార్లు, ఒక్కొక్కసారి పది నిమిషములు, పంజరము ప్రక్క కూర్చుండి మెల్లగా మాటలాడవలెను. సూటిగా కన్నార్పక చూడరాదు. డేగకును, పిల్లికిని కన్నులు ముందువైపున నుండును. తన్ను వేటాడునవి అట్లే చూచునని చిలుకకు పుట్టుకతోనే తెలియును. కొంచెము ప్రక్కకు తిరిగి కూర్చుండిన భయము తగ్గును. పై నుండి చేయి దించిన డేగ వాలినట్లు తోచును గనుక, చేయి ఎల్లప్పుడును క్రింది నుండి, మెల్లగా, అది చూచుచుండగా పోనీయవలెను.

కొర్ర కంకి – మొదటి మెట్టు

మచ్చికకు కొర్ర కంకిని మించిన సాధనము లేదు. విదేశములలో దీనిని ఎండబెట్టి, పొట్లములలో కట్టి, చిలుకల మేతగా అమ్ముదురు. మనకది చేనిలోనే లభించును. కంకి పొడవుగా నుండుటచేత మన చేయి దూరముగా నుండగనే పక్షి రెండవ కొననుండి తినగలదు. ఇదే దాని సుగుణము.

మొదట కంకిని ఊచల సందునుండి అందీయవలెను. తడవునకు కొంచెముగా చేతికి దగ్గరగా పట్టుకొనుచు రావలెను. భయము లేక తినునపుడు పంజరపు తలుపు తెరచి, చేతిని లోన కదలక నుంచి అందీయవలెను. చివరకు అరచేతిలో గింజలు పోసి పట్టవలెను. ఒక్కొక్క మెట్టునకు కొన్నిటికి మూడు దినములు, కొన్నిటికి మూడు వారములు పట్టును. పక్షి వెనుకకు జరిగినచో మనము ఒక మెట్టు వెనుకకు పోవుటయే మార్గము. కంకిని ఈ పాఠపు వేళలందే ఇచ్చి, మామూలు మేతను ఎప్పటివలె గిన్నెలో నుంచవలెను. ఆకలితో మాడ్చిన త్వరగా లొంగునని కొందరందురు. ఇది క్రూరమే గాక ప్రమాదము. ఇంత చిన్న పక్షి మేత లేక ఒకటి రెండు దినములకే చనిపోగలదు.

నేను చేసిన పొరపాటు

మా చిలుక నా కుమార్తె చేతిలో గింజలు తినుట మూడవ వారమునకే నేర్చెను. నా చేతికిని అలవాటు పడుచుండెను. ఇంతలో ఒక ఉదయము రైతు సదస్సునకు పోవు తొందరలో, పంజరము కడుగుటకై దానిని గుప్పిట పట్టి బయటకు తీసితిని. అది నా వ్రేలు కరచెను. నేను గట్టిగా అరచి దానిని పెట్టెలో వదలితిని. నా పని అయిదు నిమిషములలో ముగిసినది. ఆనాటి నుండి నా చేయి కనబడిన చాలును, అది పంజరపు మూలకు పోయి ఊచలకు కొట్టుకొనుచు అరచెడిది. నా కుమార్తె “నాన్నా, నువ్వు దగ్గరికి రావద్దు” అని నన్ను దూరముగా నుంచినది.

ఆదివారము మనుమనితో వచ్చిన వృద్ధ రైతు ఇది చూచి నవ్వెను. “సారూ, మా నాయన కోడెకు కాడి కట్టేముందు నెల రోజులు ఊరికే గంగడోలు గోకుతూ కూర్చునేవాడు. మొదటి రోజే ముల్లుకర్ర చూపించిన కోడె ముసలిదయ్యేదాకా మనిషిని చూసి బెదురుద్ది. మీరు అలవాటు చేయకముందే పట్టుకున్నారు” అనెను.

వ్యవసాయ కళాశాలలో చదివిన చదువు ఆ క్షణమున నాకు సాయము రాలేదు. ఆయన మాట ప్రకారము మరల మొదటి మెట్టు నుండి ఆరంభించితిని. పంజరమునకు రెండు గజముల దూరమున కూర్చుండి పత్రిక చదువుకొనుటతో మొదలిడి, దినదినమును కొద్దికొద్దిగా దగ్గరకు జరిగితిని. నా చేతిలోని కంకిని అది తిరిగి ముట్టుటకు ఏడు వారములు పట్టినది. అయిదు నిమిషముల తొందరకు నేను చెల్లించిన మూల్యమిది.

కరచినపుడు చేయి చటుక్కున లాగుకొనుట, అరచుట, మొగముపై ఊదుట, పంజరమును కుదుపుట తప్పులు. చేతిని కదలక నుంచి, పక్షి వదలిన పిమ్మట మెల్లగా తీసికొనవలెను. మందు వేయుటకు పట్టక తప్పనిచో, గదిలో వెలుతురు తగ్గించి మెత్తని గుడ్డతో పట్టవలెను. రొమ్మును ఎన్నడును నొక్కరాదు. పక్షికి మనవలె ఉదరవితానము లేదు. రొమ్ము ఆడిననే ఊపిరి ఆడును. గట్టిగా పట్టిన ఊపిరాడక చచ్చును.

పక్షి మనసు తెలియు విధము

భయపడిన చిలుక ఈకలను ఒంటికి అదిమి, మెడ నిక్కించి, కొయ్యవలె నిలుచును. రెక్కలను ఒంటికి ఎడముగా పట్టి, నోరు తెరచి రొప్పును. ఈ గుర్తులు కనబడిన వెంటనే వెనుకకు తగ్గవలెను. నమ్మకము కుదిరిన చిలుక మన యెదుట ఈకలు దువ్వుకొనును. ఒక కాలు పొట్టలోనికి ముడుచుకొని, ముక్కు మెల్లగా నూరుచు కునుకు తీయును.

వేలిపై ఎక్కించుట, పలుకులు నేర్పుట

అరచేతిలో తినుటకు అలవాటు పడిన పిదప, చూపుడు వ్రేలిని కడ్డీవలె అడ్డముగా పట్టి, కాళ్లకు కొంచెము పైగా పొట్టకు తాకించి ‘ఎక్కు’ అని మెల్లగా పలుకవలెను. ఎక్కినచో వెంటనే కొన్ని గింజలు ఇయ్యవలెను. ఎల్లప్పుడును ఒకే మాట, ఇంటివారందరును ఒకే పద్ధతి పాటింపవలెను. పాఠము పది నిమిషములకు మించరాదు. పక్షి విసుగు చెందక మునుపే, మంచిగా చేసిన తడవతోనే ముగింపవలెను.

పంజరము బయట ఎగురనిచ్చుటకు ముందు సీలింగు ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, అద్దములపై గుడ్డ కప్పి, నీళ్ల బిందెలపై మూతలు పెట్టి, పిల్లిని వెలుపలకు పంపవలెను. తిరుగుచున్న ఫ్యాను పెంపుడు చిలుకలకు పెద్ద గండము.

బడ్జెరిగార్ పక్షులలో మగవి మాటలు త్వరగా నేర్చును. పెద్ద పక్షిలో ముక్కు మీది మెత్తని భాగము నీలముగా నున్నచో మగది, గోధుమ రంగుగా నున్నచో ఆడది. రంగు మార్చి పెంచిన కొన్ని రకములలో మాత్రము ఈ గుర్తు తప్పవచ్చును. తెల్లవారుజామునను, సాయంత్రమును ఒకే మాటను స్పష్టముగా పలుమారు పలుకుచుండవలెను. కొన్ని ఎన్నడును పలుకవు. అందుకై వానిని నిందింపరాదు. రాత్రి 10 నుండి 12 గంటలు చీకటిలో నిద్ర ఉండునట్లు పంజరముపై పలుచని గుడ్డ కప్పవలెను.

ఆరోగ్యము

పక్షి తన జబ్బును దాచుకొనును. ఈకలు ఉబ్బించి పగలంతయు మూలుగుచు కూర్చుండుట, తోక ఊపుచు ఊపిరి తీయుట, రెట్ట రంగు మారుట, మేత మానుట కనబడిన నాడే పశువైద్యుని కడకు కొనిపోవలెను. మరునాటికి వాయిదా వేసిన చేయి దాటిపోవచ్చును. చిలుకల నుండి మనుష్యులకు సంక్రమించు సిట్టకోసిస్ అను జ్వరమొకటి కలదు. కావున రెట్టను తడిపి తీయవలెను, పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పక్షిని పెంచు ఇంట ఎవరికైన జ్వరము, దగ్గు విడువక వచ్చిన, ఇంట చిలుక కలదని వైద్యునికి తప్పక చెప్పవలెను.

గ్రామాధికారులకు మనవి

జనవరి మొదలు ఏప్రిల్ వరకు రామచిలుకలు తొర్రలలో పిల్లలను పెంచు కాలము. ఈ నెలలలో ఎండిన తాటి, కొబ్బరి మ్రాకులను, తొర్రగల పాత చెట్లను కొట్టుటకు ముందు పక్షుల రాకపోకలు కలవేమో ఒక ఉదయము గమనించునట్లు రైతులకు చెప్పవలెను. వీలైనచో పిల్లలు ఎగిరిపోవువరకు ఆగుట మంచిది. చేనిపై వాలు చిలుకలను మెరిసే రిబ్బన్లు కట్టి బెదరించవచ్చును గాని, వలలు పన్నుటయు, విషము పెట్టుటయు కూడదు.

బాలుని సంగతి చెప్పి ముగింతును. మార్చిలో తాత వానికి ఒక పచ్చని బడ్జెరిగార్ పిల్లను కొనియిచ్చెను. జూలైలో ఆయన కొర్ర విత్తనపు మూటతో, విత్తనశుద్ధి మందు కొరకు నా కడకు వచ్చెను. మందు కలుపుటకు ముందు ఒక శేరు గింజలు కొలిచి, వేరొక సంచిలో పోసి, మూతి రెండు ముడులు వేసెను.

“ఇవి మా ఇంటి పక్షికి సారూ. వాడు బడికి పోయినాక అది నా చేతిలోనే తింటది” అనుచు, నాగలి మేడి పట్టి కాయలు కాచిన తన అరచేతిని చాచి చూపెను.